ఉన్ని బంతి

ఇరవై తొమ్మిది దేశాలు అన్నడు సాంబరాజు సారు.
ఇరవై తొమ్మిది బంతులు చుట్టిన.
సోమిడి రోడ్డు మీది మా రేకుల షెడ్డుల
పసుపు ఉన్ని, నడిమిట్ల ఇంత బట్టపేలిక.
ఔసుల వీరాచారి దగ్గర బదులు తెచ్చిన త్రాసు మీద
ఒక్కోటి ఇరవై ఎనిమిది గ్రాములు.
పుస్తెలు తూచే త్రాసు
ఉన్నిని చూసి చిన్నబోలే.

"పైసలు పంచేటోళ్ళుంటరు, గడియారాలు పంచేటోళ్ళుంటరు,
నేను ఆట పంచుత యాకమ్మా" అన్నడు.
నేను నవ్విన. నవ్వొద్దుండె.

ఆయనెవరో మీకెరుక ఉండకపోవచ్చు.
కాజీపేట లోకో షెడ్డు ఫిట్టరు కొడుకు.
మంచు పడితే బంతి బరువెక్కుతది,
బరువెక్కిన బంతి చెప్పిన మాట ఇనదు.
గది తెలిసిన చేతులు ఆయనయి.
ఐదుగురిల ఎనక మూలకు ఆడేటోడు,
ముందటోళ్ళు ఇడిచిపెట్టింది ఎత్తుడే పని.
పేపర్ల ఫోటో వస్తే ఎప్పుడు
ఆయన మోచెయ్యి ఒక్కటే పడేది.

అసొంటాయన దేశం పేరు మీద నిలబడ్డడు,
ప్రపంచ సమాఖ్యకు పెద్ద అయితనని.
డీజిల్ కాలనీ మలుపు కాడ ఫ్లెక్సీ కట్టిర్రు,
అండ్ల ఆయన మొఖం కన్నా
కట్టించినోళ్ళ మొఖాలు పెద్దగున్నయి.

పదిహేను ఓట్లు గావాలె.
పదిహేడు మంది చేతుల చెయ్యేసిర్రట.
ఫోన్ల చెప్పిండు, రాత్రి పదకొండుకు,
గొంతు పిలగాని లెక్క ఎగురుతుంటె.
తెల్లారి లెక్కవెడితే ఆరు.

ఆరు.

గెలిచినాయన పేరు నాకు నోరు తిరగదు.
జన్మల ఒక్క బంతి కొట్టలేదట,
హోటళ్ళున్నయట, ఎన్నిక పెట్టింది కూడ
ఆయన హోటల్లనేనట.

చౌరస్తాల ముందే చెప్పిన పదకొండు కిలోల బంతిపూలు
వద్దన్నా వచ్చినయి.
పూలాయనకు ఓట్ల సంగతేమెరుక.
దండ ఎవరికెయ్యాలో తెల్వక
పిల్లలు గ్రౌండు రోలరుకేసిర్రు.

నాలుగోనాడు చీకట్ల దిగిండు,
రెండో ప్లాట్‌ఫారం, పెట్టె తనే మోసుకుంట.
ఇంటికి పోలే. సక్కగ మా షెడ్డుకొచ్చిండు.
చాయ్ పోసిన. సగం తాగిండు.
"బంతులు మస్తు మెచ్చుకున్నరు" అన్నడు.
"అందరు తీస్కున్నరా సార్?"
కోటు జేబులకెల్లి ఒకటి తీసి బల్ల మీద పెట్టిండు.
"ఇదొక్కటి కుర్చీ కింద దొరికింది."
"ఎవరి కుర్చీ?"
గ్లాసు అంచు మీది ఈగను తోలిండు.
మల్ల తోలిండు.
ఈగ ఎప్పుడో పోయింది.

బంతిని కిటికీ ఎలుగుకు తిప్పి చూసిన.
ఉన్ని అయిపోతే ఒక్కదానికి, ఒక్కదానికే,
మా ఆడబిడ్డ పాత స్వెటర్ విప్పి
ఆఖరి చుట్లు చుట్టిన.
రవ్వంత నారింజ రంగు కొడుతది.
బయటోళ్ళకు బాగుండదని
గది మనోళ్ళకియ్యమని నేనే చెప్పిన.

నిలబడ్డోనికి ఓటుండదట.
దేశం ఓటు సెక్రటరీ ఏస్తడట, తెర ఎనుక.
గా ఆరిట్ల మనది ఉన్నదా అని అడగబోయి
చాయ్ ఇంకింత పోసిన.

పోయేటప్పుడు గడప కాడ ఆగి
"దీన్ని విప్పి మల్ల చుట్టు,
పిల్లలకు అక్కరకొస్తది" అన్నడు.

విప్పిన.
ఒళ్ళె నిండిపోయింది దారం.
ఎంత గుంజినా సాపు కాదు,
చుట్టిన వంకర చుట్టినట్టే ఉన్నది.
తడి బట్టేసి తుడిచిన, మోకాళ్ళకు సాగదీసిన,
ఆఖరికి వంకర మీదనే చుట్టుకుంట పోయిన.

పొద్దుగూకే యాళ్ళకు గ్రౌండు దిక్కుకెల్లి
నెట్టు కట్టిన చప్పుడు,
పిల్లల లొల్లి,
ఆ లొల్లి మీదికెల్లి, ఎనక మూలకెల్లి,
అరిగిపోయిన ఒక గొంతు:

"ఇడిచిపెట్టు, అది నాది."